మణలి మీదుగా వచ్చిన బాణీ



పోయిన నెల ఒక ఆదివారం సాయంత్రం నేనూ, మా అక్క కొడుకూ చెన్నై సెంట్రల్‌లో గుమ్మిడిపూండి లోకల్ ఎక్కాం. ఇద్దరం దిగాల్సింది ఆత్తిపట్టులోనే. వాడికి ఇరవై రెండేళ్లు, గిటారు వాయిస్తాడు. బేసిన్ బ్రిడ్జి దాటేలోగా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. తండయార్‌పేట వచ్చేసరికి పీకి ఒళ్లో పడేశాడు. పెళ్లిభోజనంలో పాయసం వస్తుందని ఆకు తుడుచుకుని కూచుంటే మళ్లీ చారే పోసిన మనిషి మొహం ఎట్లా ఉంటుందో అట్లా ఉంది వాడి మొహం.

"ఏందిరా?" అన్నాను.

"వీళ్లు పాడైపోయినారు మామా" అన్నాడు.

వీళ్లంటే వాడు ఎనిమిదో తరగతి నుంచి వింటున్న ఒక రాక్ బ్యాండు. పేరు చెప్పను. వచ్చే నెలకు వాడి మనసు మారితే నామీద పడతాడు. ఆ వారమే వాళ్ల కొత్త ఆల్బం వచ్చింది. అందులో గిటార్లు లేవట. ఉన్నచోట కూడా పక్కింట్లో ఎవరో వాయిస్తున్నట్టు ఉన్నాయట. డ్రమ్ములు మనిషి కొట్టినవి కావట. పాడేవాడి గొంతును ఏదో యంత్రంలో వేసి పిండారట. "నాకు వీళ్లు ఎందుకు నచ్చినారో అదంతా తీసి పారేసినారు" అన్నాడు. మాట అంటున్నప్పుడు గొంతులో నిజంగానే బాధ ఉంది. నవ్వబోయి ఆపుకున్నాను.

రైలు తిరువొత్తియూరు దాటుతోంది. చీకటి పడింది. ఎడమవైపు దూరంగా మణలి చమురు శుద్ధి కర్మాగారం దీపాలు. "అదిగో, అక్కడ కూడా ఇదే గొడవ జరిగింది, రెండువందల ఏళ్ల పైచిలుకు కిందట" అన్నాను. వాడు కిటికీలోంచి చూసి, "రిఫైనరీలోనా?" అన్నాడు. ఇల్లు చేరేదాకా వాడికి చెప్పిందీ, అప్పుడు గుర్తురాక తర్వాత తెలుసుకున్నదీ కలిపి ఇవాళ మీకు చెబుతాను.

ఆల్టర్నేటివ్ రాక్ అనే మాటను ముందు కాస్త విప్పుకుందాం. 1980లలో అమెరికాలో, బ్రిటన్‌లో పెద్ద రికార్డు కంపెనీలు పట్టించుకోని బ్యాండ్లు చిన్న చిన్న కంపెనీల దగ్గర పాటలు చేసుకునేవి. అమెరికాలో కాలేజీ కుర్రాళ్లు నడిపే రేడియో స్టేషన్లు వాటిని వేసేవి. అంగట్లో అందరూ కొనే సరుకుకు ఇది బదులు సరుకు, అందుకే ఆ పేరు. 1991లో నిర్వాణ అనే బ్యాండు 'నెవర్‌మైండ్' అనే ఆల్బం వేసింది. దాంతో బదులు సరుకే అసలు సరుకై కూచుంది. అప్పట్నించీ ఆ పేరుకు అర్థం పోయింది, పేరు మాత్రం మిగిలింది. చెరువు పూడ్చి ఇళ్లు కట్టేసినా చెరువుగట్టు వీధి అనే పేరు మిగిలినట్టు.

ఇక బాణీ మార్చుకున్న బ్యాండ్ల కథ ఎవరు ఎత్తినా రేడియోహెడ్ దగ్గర ఆగక తప్పదు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఆబింగ్‌డన్ అనే ఊళ్లో ఒకే బడిలో చదివిన అయిదుగురు కుర్రాళ్లు 1985లో పెట్టుకున్న బ్యాండు అది. శుక్రవారాలు సాధన చేసేవాళ్లు కాబట్టి మొదట్లో పేరు కూడా 'ఆన్ ఎ ఫ్రైడే'. అయిదుగురిలో ముగ్గురు, అంటే పాడే థామ్ యార్క్, జానీ గ్రీన్‌వుడ్, ఎడ్ ఓబ్రయన్, గిటారు వాయిస్తారు. 1997లో వచ్చిన 'ఓకే కంప్యూటర్' వాళ్లను ప్రపంచంలో పెద్ద బ్యాండ్లలో ఒకటి చేసింది. అదే బాణీలో ఇంకోటి చేసి ఉంటే ఎవరూ ఏమీ అనేవాళ్లు కారు. కంపెనీ మరీ సంతోషించేది.

ఆ తర్వాతి కచేరీ పర్యటనలు యార్క్‌ను నమిలేశాయి. రాయబోతే పాట రాదు. రేడియో పెడితే తన గొంతునే అనుకరిస్తున్న ఇంకెవరో పాడుతుంటారు. ఆ స్థితిని ఊహించుకోండి: మీ ఇంటి వంట అన్ని హోటళ్లలోనూ దొరుకుతోంది, అది తిని తిని మీకే మొహం మొత్తింది. అతను కార్న్‌వాల్ సముద్రతీరంలో ఇల్లు తీసుకుని ఒక పియానో కొనుక్కున్నాడు. పియానోలో అతను నేర్పరి కాదు. రాని వాద్యం ముందు కూచుంటే అలవాటైన వేళ్లు అలవాటైన చోటికి పోవు కదా. అక్కడ పుట్టిన పాటే కొత్త ఆల్బంలో మొదటిదైంది. ఆల్బం పేరు 'కిడ్ ఎ'.

1999 జనవరిలో పారిస్‌లో మొదలుపెట్టారు. తర్వాత కోపెన్‌హేగన్, ఆ తర్వాత ఇంగ్లండు పల్లెలో ఒక పాత బంగళా, చివరికి ఆక్స్‌ఫర్డ్‌లో తమ సొంత స్టూడియో. ఏడాది దాటింది. బయటికి వదలదగ్గ ఆల్బం తయారుకాకపోతే బ్యాండునే మూసేద్దామని ఒప్పందం చేసుకున్నారు. ఒక దశలో నిర్మాత నైజల్ గాడ్రిచ్ వాళ్లను రెండు జట్లుగా విడదీశాడు. ఒక జట్టు ఏదో ఒక శబ్దం పుట్టించాలి, రెండో జట్టు దాన్ని పట్టుకుని పెంచాలి. గిటారు, డ్రమ్ము ఎవరూ ముట్టకూడదు. పాట మాటలు కొన్నింటిని చీటీల మీద రాసి, టోపీలో వేసి, చేతికి వచ్చింది వచ్చినట్టు తీసి అతికించారు. మన ఊళ్లో లక్కీ చీటీ తీసినట్టు.

నాకు ఈ కథలో ఎప్పుడూ గుర్తొచ్చేది ఎడ్ ఓబ్రయన్. అతను మంచి గిటారు పాటల ఆల్బం చేద్దామని ఆశపడి వచ్చాడు. తీరా చూస్తే గదిలో గిటారుకు పని లేదు. మేళంలో డోలు కొట్టే ఆయన్ను పిలిపించి, ఈసారి డోలు లేదు, కూచోండి అన్నట్టే కదా. అలిగి వెళ్లిపోవచ్చు. అతను వెళ్లలేదు. తన గిటారుతోనే గిటారులా వినిపించని శబ్దాలు తీయడం మొదలుపెట్టాడు.

జానీ గ్రీన్‌వుడ్ దారి ఇంకోటి. అతను చిన్నప్పుడు వయోలా నేర్చుకున్నవాడు. మారిస్ మార్తెనో అనే ఫ్రెంచివాడు 1928లో జనం ముందుకు తెచ్చిన ఒక విద్యుత్ వాద్యాన్ని పట్టుకొచ్చాడు. దాని పేరు ఓండ్ మార్తెనో. చూడ్డానికి హార్మోనియం అన్నలా ఉంటుంది. కానీ మెట్ల ముందు ఒక తీగ సాగి ఉంటుంది. వేలికి ఉంగరం తొడుక్కుని, ఆ ఉంగరాన్ని తీగ వెంట జరుపుతూ వాయించాలి. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి గెంతక్కర్లేదు, జారొచ్చు. మన సంగీతంలో జారు అంటామే, అచ్చంగా అదే. మెట్లు లేని గోటువాద్యం మీద కర్ర జరుపుతున్నట్టు అనుకోండి. 'కిడ్ ఎ'లో కొన్ని చోట్ల మనిషి ఏడుపుకూ తీగ మూలుగుకూ మధ్య ఒక నాదం వినిపిస్తుంది, అది ఈ వాద్యమే. నేను మొదటిసారి విన్నప్పుడు, పాశ్చాత్య సంగీతం, స్వరాన్ని ఊపి, జార్చి పలికించే గమకం కోసం ఇంత దూరం తిరిగి రావాల్సి వచ్చిందా అనుకున్నాను. అది నా పల్లెటూరి గర్వంలెండి.

2000 అక్టోబరు మొదట్లో ఆల్బం వచ్చింది. పది పాటలు, దాదాపు యాభై నిమిషాలు. ముందుగా ఒక పాటను విడిగా వదిలి ఊరించడం అనే రివాజు కూడా మానేశారు. అయినా మొదటి వారమే బ్రిటన్‌లో, అమెరికాలో అమ్మకాల్లో మొదటి స్థానం. కొన్నవాళ్లలో చాలామంది మా అక్క కొడుకు మొహమే పెట్టి ఉంటారు. నిక్ హార్న్‌బీ అనే నవలా రచయిత 'న్యూయార్కర్' పత్రికలో తన ఫిర్యాదు రాశాడు. ఇట్లాంటి ఆల్బంకు ఓపిక, భక్తి రెండూ కావాలనీ, నెల జీతం అందుకోవడం మొదలయ్యాక మనిషికి ఆ రెండూ తరిగిపోతాయనీ ఆయన వాదన సారాంశం. తొమ్మిదేళ్లు తిరిగేసరికి 'రోలింగ్ స్టోన్', 'పిచ్‌ఫోర్క్' రెండూ ఆ దశాబ్దపు మేటి ఆల్బం ఇదేనన్నాయి. అంతమాత్రాన హార్న్‌బీ తప్పు చెప్పాడని నేననను. నేనూ జీతగాణ్ణే. షిఫ్టు దిగి వచ్చి, అన్నం తిని, పది నిమిషాలు పాట విందామనుకున్నవాడికి పరీక్ష పెట్టడం అన్యాయమే. కానీ ఆ ఆల్బంలో కంప్యూటర్లు ఉన్నాయనే కారణంగా పాడైపోయిందనడం వేరే సంగతి. ఆ అయిదుగురూ కొత్త వాద్యాల దగ్గర మళ్లీ మొదటి పాఠం విద్యార్థుల్లా కూచున్నారు. అది వినిపిస్తుంది.

ఇప్పుడు మణలికి పోదాం.

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో మణలి ఒక జమీను. అక్కడి మొదలియార్లు ఈస్టిండియా కంపెనీకి దుబాసీలు, సంగీతమంటే ప్రాణం. వాళ్ల పిలుపు మీద తిరువారూరు నుంచి రామస్వామి దీక్షితులు కుటుంబంతో వచ్చి మణలిలో ఉన్నారు. ఆయన పెద్దకొడుకు ముత్తుస్వామి దీక్షితులు. చిన్నకొడుకు బాలుస్వామి. జమీందారు పని మద్రాసులో కంపెనీ కోటలో. కోటలో దొరల బ్యాండు ఉండేది. ఐర్లండు, స్కాట్లండు నాట్యాల బాణీలు, సైనికుల కవాతు పాటలు, వాళ్ల రాజు స్తోత్రం అన్నీ వాయించేవాళ్లు. మణలి కుర్రాళ్లు పోయి విన్నారు. ఇవాళ మా ఊరి పిల్లలు లోకల్ ఎక్కి చెన్నైలో రాక్ కచేరీకి పోయినట్టే పోయి ఉంటారు, ఇంట్లో చెప్పి పోయారో చెప్పకుండా పోయారో.

విన్న బాణీలకు ముత్తుస్వామి సంస్కృతంలో దేవతాస్తుతులు కట్టారు. వాటినే నొట్టుస్వరాలంటారు. నలభైకి కాస్త అటూ ఇటూ ఉన్నాయి. అన్నీ శంకరాభరణం మెట్ల మీదే నడుస్తాయి. గమకం ఉండదు, స్వరాలు సిపాయిల్లా వరసగా నిలబడతాయి. బ్రిటిష్ రాజుగారి స్తోత్రం బాణీలోనే 'సంతతం పాహిమాం' అని అమ్మవారిని కొలిచారు. దొర విని ఉంటే టోపీ తీసి లేచి నిలబడేవాడు, అటు పూజారి హారతి ఇస్తుండేవాడు. దీంట్లో ఉన్న చిలిపితనం మన సంగీత చరిత్రలు రాసేవాళ్లకు సాధారణంగా పట్టదు.

తమ్ముడు బాలుస్వామి ఇంకో పని చేశాడు. బ్యాండులో ఉన్న ఫిడేలు మీద అతనికి మనసు పోయింది. జమీందారు ఒక యూరోపియన్‌ను పెట్టి మూడేళ్లు నేర్పించాడు. దొర దగ్గర నేర్చుకున్న చేతితోనే అతను మన కృతులు వాయించడం మొదలుపెట్టాడు. ఇవాళ కర్ణాటక సంగీత కచేరీ ఏదైనా చూడండి, పక్కన ఫిడేలు లేకుండా ఉంటుందా? ఆ అలవాటు మొదలైన చోట్లలో ముఖ్యమైనది ఆ రిఫైనరీ దీపాల వెనకున్న ఊరే. ఈ సంగతులు రాసిపెట్టింది బాలుస్వామి కూతురి కొడుకు, ఆయనకే దత్తుడైన సుబ్బరామ దీక్షితులు. 1904లో ఎట్టయాపురంలో అచ్చయిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' ఆ పుస్తకం. ఎట్టయాపురం ఎక్కడో తూత్తుకుడి పక్కన. పుస్తకం మాత్రం తెలుగులో. ఆయన వెంటపడి అది రాయించినవాళ్లలో ముఖ్యుడు ఏ.ఎం. చిన్నస్వామి మొదలియారు, మన పాటల్ని యూరోపియన్ లిపిలో అచ్చువేయాలని జీవితం ధారపోసిన క్రైస్తవుడు. ఎవరు దేన్ని కాపాడతారో ముందుగా చెప్పలేం.

ఆ అన్నదమ్ములిద్దరి పనులను పక్కపక్కన పెట్టి చూస్తే నాకొక తేడా కనిపిస్తుంది. మా అక్క కొడుక్కి చెప్పిందీ అదే. నొట్టుస్వరాలు ముద్దుగా ఉంటాయి. పిల్లలకు నేర్పుతారు, కచేరీ చివర్లో ఒకటి అరా వాయిస్తారు. కానీ కచేరీకి అవి గుండెకాయ కాలేదు. దీక్షితుల వారు సైతం తన అసలు పనిని అందులో పెట్టలేదు. కాశీ పోయి వచ్చాక ఆయన మన తిరుత్తణి కొండెక్కారు. అక్కడ సుబ్రహ్మణ్యస్వామే ముసలివాడి రూపంలో వచ్చి నోట్లో కలకండ పెట్టాడని కథ. అక్కడే మాయామాళవగౌళలో 'శ్రీనాథాది గురుగుహో' పుట్టింది. ఆయన మొదటి కృతి అదేనంటారు. మాయామాళవగౌళ అంటే పిల్లలకు సరళీస్వరాలు చెప్పే మొదటి రాగం. కోటలో బ్యాండు విన్న మనిషి, కాశీ చూసిన మనిషి, కొండమీద మొదటి పాఠానికి తిరిగొచ్చాడు.

ఫిడేలు మాత్రం లోపలికి వచ్చింది. ఎట్లా వచ్చింది? దొరల ఫిడేలు నిలబడి, గడ్డం కింద నొక్కిపెట్టి వాయించేది. మనవాళ్లు దాన్ని కింద కూచోబెట్టారు. ఒక కొస భుజానికి, ఇంకో కొస కుడి పాదం మీద. ఇప్పుడు ఎడమచేతికి వాద్యాన్ని మోసే పని లేదు, తీగ వెంట ఎంత దూరమైనా జారొచ్చు. తీగల శ్రుతి కూడా మార్చేశారు: షడ్జమం, పంచమం, మళ్లీ షడ్జమం, పంచమం. కర్ర అదే, తీగ అదే, కమాను అదే. వాద్యం వేరైపోయింది. మన విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కాలానికి అది పక్కవాద్యంగానే ఉండనక్కర్లేదని, ఒంటరిగా కచేరీ నిలబెట్టగలదని కూడా తేలిపోయింది. ఫిడేలు నాయుడుగారు అంటేనే ఆయన.

తెచ్చుకున్న బాణీ మీద మన మాటలు అతికించడం ఒక పని. తెచ్చుకున్న వాద్యాన్ని విప్పి మళ్లీ శ్రుతి చేయడం ఇంకో పని. బ్యాండు బాణీ మార్చిందని వినగానే నేను అడిగేది ఈ రెంటిలో ఏది చేశారని. కోపం రావాలంటే మొదటిదాని మీద రావొచ్చు. అదీ పెద్ద కోపం కాదు.

ఇక్కడ పాలకొల్లు కుర్రవాణ్ణి తలుచుకోకుండా పోలేను. ఉప్పలపు శ్రీనివాస్, 1969లో పుట్టాడు. తండ్రి క్లారినెట్ వాయించేవాడు, ఇంట్లో మాండలిన్ ఉండేది. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగమీద వెతుక్కునేవాడు. వాద్యానికి గొంతే గురువైందన్నమాట. మామూలు మాండలిన్‌కు జంటలుగా ఎనిమిది తీగలు. జంట తీగమీద గమకం పలకడం కష్టం. అతను విద్యుత్ మాండలిన్ పట్టి ఒంటి తీగలు పెట్టించాడు, అయిదే. సినిమా పాటల వెనక టింగుటింగుమనే వాద్యం రాగం ఆలపించగలదా అని నొసలు చిట్లించినవాళ్లు లేకపోలేదు. తర్వాత వాళ్లే టికెట్లు కొన్నారు.

ఆల్బం, కొత్త బాణీ అంటున్నాం కాబట్టి ఒక ముక్క. 1995లో శ్రీనివాస్, కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్ కలిసి 'డ్రీమ్' అనే ఆల్బం చేశారు. పీటర్ గేబ్రియల్ పెట్టిన రియల్ వరల్డ్ కంపెనీ వేసింది. ఈ బ్రూక్ ఎవరంటే, మీటిన స్వరం ఆగకుండా ఎంతసేపైనా సాగే 'ఇన్ఫినిట్ గిటారు' చేసినవాడు. యూటూ బ్యాండు 1987లో వేసిన 'విత్ ఆర్ వితౌట్ యూ' పాటలో సన్నగా సాగుతూ వినిపించేది ఆ గిటారే. మా వాడికి యూటూ తెలుసు. పాలకొల్లు తెలుసు. రెండూ ఒక గదిలో కలిశాయని తెలీదు. రైల్లో ఈ మాట చెప్పినప్పుడే మొదటిసారి నా వైపు పూర్తిగా తిరిగాడు. ఆ ఆల్బంలో తాళం కచేరీ తాళంలా బిగుతుగా ఉండదు, మబ్బులా పరుచుకుంటుంది. మాండలిన్ మాత్రం ఆ మబ్బులో తన దారి తాను చూసుకుంటూ పోతుంది. కచేరీలో శ్రీనివాస్‌ను విన్నవాళ్లలో కొందరికి అది పల్చగా అనిపించింది. నాకు వాన ముందు గాలిలా అనిపించింది. 2014లో నలభై అయిదేళ్లకే ఆయన పోయాడు. ఆ రాత్రి ఇంట్లో ఆ ఆల్బమే పెట్టుకుని కూచున్నాను.

మన దక్షిణాది రాక్ బ్యాండ్లలోనూ ఈ మలుపు తిరిగినవి ఉన్నాయి. కొచ్చిలో 1996లో మొదలైన మదర్‌జేన్ తొలి ఆల్బం వింటే రాక్ బ్యాండులాగే ఉంటుంది. 2008లో వచ్చిన 'మక్తూబ్'కు గిటారు మాట్లాడే భాష మారింది. గిటారిస్టు బైజు ధర్మజన్ తీగను లాగి, జార్చి, ఊపి, గమకం తెప్పించాడు. మెట్లున్న వాద్యం మెట్లు మరిచిపోయినట్టు ఉంటుంది. ఇది బాలుస్వామి తరహా పనే అనుకుంటాను.

బెంగళూరులో ఆగం అని ఇంకో బ్యాండు ఉంది. 2012లో మొదటి ఆల్బం, 2017లో రెండోది. పాడే హరీశ్ శివరామకృష్ణన్ మలయాళీ. కానీ వాళ్ల పేరుపొందిన పాటల్లో సాహిత్యం మనది, త్యాగయ్యది. 'స్వాన్స్ ఆఫ్ సరస్వతి' అని ఇంగ్లీషు పేరు పెట్టింది హంసనాదంలో 'బంటురీతి'. 'మిస్ట్ ఆఫ్ క్యాప్రికార్న్' అంటే నళినకాంతిలో 'మనవ్యాలకించరాదటే'. మొదట విన్నప్పుడు ఇంగ్లీషు పేరు చూసి మోసపోయాను. తీరా పాట మొదలైతే మా నాయనమ్మ పాడుకునే మాటలు, వెనక డ్రమ్ములు, బేస్ గిటారు. సంతోషమేసింది. కాస్త గుచ్చుకుంది కూడా. తెలుగు మాటను ఎక్కడ విరవాలో తాళం చెప్పకూడదు, మాటే చెప్పాలి. డ్రమ్ము జోరులో ఒక్కోసారి మాట తల ఒకచోట, తోక ఒకచోట పడుతుంది. అయితే అది రాక్ చేసిన పాపం అనుకోను. పట్టుపంచె కట్టుకుని కూచున్న విద్వాంసులు కూడా ఇదే పని నిస్సంకోచంగా చేయడం సభల్లో విన్నాను. ఆగం వల్ల తమిళ కుర్రాళ్లు, కన్నడ కుర్రాళ్లు, వేలమంది నిలబడి తెలుగు మాటలు పాడుతున్నారు. మనమే పాడటం లేదు.

త్యాగయ్యంటే గుర్తొచ్చింది. మా లోకల్ ఆగే తిరువొత్తియూరుకు ఆయన వచ్చాడు. అక్కడి త్రిపురసుందరి అమ్మవారి మీద అయిదు కృతులు చెప్పాడు. ఆయన శిష్యుడు వీణ కుప్పయ్యగారిది ఆ ఊరి సంబంధమే. ఒకే రైలు దారిలో అటు త్యాగయ్య, ఇటు దీక్షితులు, మధ్యలో దొరల బ్యాండు. ఎన్నూరు దగ్గర రైలు వంతెన కింద ఉప్పుకయ్యలో కలిసే కుశస్థలి నీళ్లు కూడా తిరుత్తణి వైపు నుంచే, పూండి చెరువు మీదుగా వస్తాయి. మా ఊరివాళ్లకు ఇవన్నీ గుర్తుండవు. థర్మల్ స్టేషన్ పొగ గొట్టాలే గుర్తు.

బాణీ మారడం గురించి మాట్లాడే అర్హత ఒకటుంది మా తమిళనాడు తెలుగువాళ్లకు. మా తెలుగు బాణీ మారిన తెలుగు. బడిలో తమిళం, అంగట్లో తమిళం, ఇంట్లో తెలుగు. తిరుత్తణి అయితే 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లాలోంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. మనుషులు ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు, ఊరి బోర్డులు మారాయి. తడ దాటి నెల్లూరు వైపు చుట్టాలింటికి పోతే పిల్లలు మా మాట విని నవ్వుతారు. వాక్యం చివర తమిళంలా తోక లేస్తుందట. "మీ తెలుగు ఎప్పుడు పాడైంది పెదనాన్నా?" అని ఒక పిల్ల నన్ను అడిగింది. తప్పు పట్టి అడగలేదు, తెలుసుకుందామనే అడిగింది. ఏం చెప్పను? మేం ఎంచుకుని మార్చుకున్నది కాదు. రేడియోహెడ్ వాళ్లు కూచుని నిర్ణయించుకున్నారు. మాది రోజూ చెవిలో పడి పడి మారింది. పాడైందో, వేరే శ్రుతిలో నిలబడిందో, లోపలున్నవాళ్లకు తెలియదు. ఆ పిల్ల మాటా, రైల్లో మా వాడి మాటా ఒకటేనని ఇంటికొచ్చాక తట్టింది. 'పాడైపోయినారు.'

కాబట్టి వాడితో వాదించలేదు. మూడుసార్లు విను, ఆ తర్వాత తిట్టు అన్నాను. అందులో ఒకసారైనా రైల్లో కాకుండా విను. రైల్లో పాత పాట కూడా సరిగ్గా వినపడదు.

మొన్న ఆదివారం వచ్చాడు. విన్నాడట. "నాలుగో పాట పర్వాలేదు మామా" అన్నాడు. మిగతావి? "మిగతావి పాడుగానే ఉన్నాయి." సరే అన్నాను. తర్వాత నా గదిలో కూచుని, ఫిడేలు శ్రుతి ఎట్లాగన్నావు అని అడిగి, తన గిటారు తీగల్ని సా, పా, సా, పా అని తిప్పడం మొదలుపెట్టాడు. కొన్ని వదులు చేశాడు, కొన్ని బిగించాడు. వంటింట్లోంచి మా ఆవిడ ఏమిటా చప్పుడు అంటోంది. ఒక రెండు నిమిషాలు ఏదో జారు లాంటిది పలికింది కూడా. ఇంకో పావు మెట్టు బిగించబోయాడు. సన్న తీగ టప్పున తెగి వాడి చెంపకు తగిలింది.

కొత్త తీగ కోసం రేపు మళ్లీ లోకల్ ఎక్కాలి.